చివరి రాత్రి క్యూ

తెల్లారితే గాల్వెస్టన్.
కారిడార్లలో పెట్టెలు బయటికొచ్చి నిలబడ్డాయి,
ఐదో డెక్కులో నా కౌంటరు ముందు మనుషులు.
ఎండకి కమిలిన ముక్కులు, కోజుమెల్‌లో కొన్న టోపీలు,
చేతిలో బిల్లు, బిల్లులో ఒకే ఒక్క వరస మీద వేలు:
సర్వీసు చార్జీ, మనిషికి రోజుకి పద్దెనిమిది డాలర్లు.

"ఇది తీసేయండి."
కొందరు గట్టిగా, కొందరు గొణుగుతూ,
ఒకామె అయితే ఎవరైనా వింటున్నారేమోనని
వెనక్కి చూసి మరీ.

నేను నవ్వుతాను. నా జీతంలో సగం దానికే.
కారణం అడగొద్దని శిక్షణలో చెప్పారు.
అడక్కపోయినా చెబుతారు.

హాల్‌వర్సన్ గారు చెప్పారు:
"అమ్మాయ్, నేను పిసినారిని కాను.
ముక్కు పిండి వసూలు చేసేదాన్ని కృతజ్ఞత అంటే ఎలా?
నా మనిషికి నేనే ఇచ్చుకుంటాను,
చేత్తో, కళ్ళలోకి చూసి."
డులూత్ రేవులో నలభై ఏళ్ళు పడవలకి రంగులేశారట.
ఓడవాడు ఇవ్వాల్సిన కూలి
నా బిల్లులోకి ఎందుకొచ్చింది అని అడిగారు.
జవాబు కోసం నా స్క్రీన్‌లో వెతికాను, మర్యాదకి.

మీట నొక్కాను.
ఇద్దరికి, ఏడు రాత్రులకి, రెండువందల యాభై రెండు డాలర్లు
చప్పుడు చేయకుండా పోయాయి.

ఆయన మనిషి మార్సెలినుస్.
ఫ్లోరెస్ దీవి కుర్రాడు, పద్దెనిమిది గదులు,
తువ్వాళ్ళని కోతులుగా, కొంగలుగా మడుస్తాడు.
ఆ తువ్వాళ్ళు ఉతికే రోడెల్ ఉండేది
నీటిమట్టం కింద, కిటికీ లేని ఆవిరిలో.
ఏడు నెలల్లో సముద్రాన్ని రెండుసార్లు చూశాడు.
కళ్ళలోకి చూసి ఇద్దామన్నా
అంత లోతుకి ఏ చెయ్యీ చాలదు.
నేను నొక్కిన ప్రతి మీటకీ అక్కడ ఎంతో కొంత తరుగుతుంది.
ఎంత అన్నది కంపెనీ చెప్పదు. నాకూ చెప్పలేదు.

కింగ్స్‌టౌన్ బజారులో మా అమ్మ మామిడిపళ్ళు అమ్మేది.
తక్కెడ ముల్లు నిలబడేదాకా తూచి,
ఆ తర్వాతే ఒక పండు పైన వేసేది.
తూకం సగంలో ఉండగా కొసరడిగితే
"ముందు అసలు కానీ" అనేది.
ఈ ఓడలో అసలునే కొసరంటున్నారు.
కొసరు కదా, ఎవరి ఇష్టం వాళ్ళది.

పదకొండూ నలభైకి మార్సెలినుస్ వచ్చాడు.
చార్జీ తీయించుకున్న గది వాళ్ళు చేతికిచ్చింది
ఉమ్మడి లెక్కలో కట్టాలి, అది రూలు.
కవరు బల్ల మీద పెట్టాడు.
షేవింగ్ లోషన్ వాసన వేసే ఇరవైలు, పదిహేను.
బిల్లులో తీసేసిన దానికన్నా నలభై ఎనిమిది ఎక్కువే.
మధ్యలో చిన్న చీటీ, వణికే రాత:
"మార్చి తర్వాత మా ఆవిడ నవ్వడం ఇదే మొదలు.
ఆ కొంగని చూసి."

"ఇది కూడా జమ చేయాలా అక్కా?"
ఫారం తిరగేసి చూశాను.
దానికి గడి లేదన్నాను.
నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.
నోట్లు నేను మెషిన్లో పెట్టాను,
అది వాటిని టపటపా లెక్కపెట్టింది.

రెండింటికి డ్యూటీ దిగి కింద మెస్‌కి వెళ్ళాను.
రోడెల్ అన్నంలో మిరపకాయ నలుపుతున్నాడు,
వేళ్ళ చివర్లు నానిపోయి తెల్లగా.
రాత్రి ఎంత వాన పడిందని రైతు అడిగినట్టు
"ఎన్ని?" అన్నాడు.
"నలభై ఒకటి."
కాసేపు నమిలాడు.
"పోయిన వారం మీద నయమే" అని
మిరపకాయల గిన్నె నా వైపు జరిపాడు.